లిఫ్ట్ చేసిన బండిలో పవర్ స్టీరింగ్ ఆయిల్ లీకు: సీలు మార్చినా ఎందుకు ఆగడం లేదు?

ముందుగా మీరు చెప్పినదంతా ఒకచోట పెట్టుకుందాం. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండి, ఎత్తు పెంచే 4 అంగుళాల లిఫ్ట్, 35 అంగుళాల టైర్లు, డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు కింద తిరిగే చేయి, మామూలు దానికంటే కిందికి దిగినది), ముందు విన్చ్ (బండిని లాగే తాడు యంత్రం) బంపర్. స్టీరింగ్ బాక్సు కింది సీలు రెండుసార్లు మార్చారు, ప్రెజర్ హోసు ఒకసారి మార్చారు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే ఉంటోంది, రాళ్ల దారిలోకి దిగి వచ్చాక మళ్లీ కారుతోంది. ఈ మధ్య పంపు కూడా మూలుగుతోంది. మెకానిక్ కొత్త బాక్సు వేయించమంటున్నాడు. వేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే వేయించొద్దు. ఈ స్థితిలో కొత్త బాక్సు బిగించినా దానికీ అదే గతి పడుతుంది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండిలో సీలు పోయిందంటే, పాతబడి పోయిందిలే అనుకోవచ్చు. మార్పులు చేసిన బండిలో, అదీ కొత్త సీలు, ఇంత త్వరగా ఊరికే పోదు. దాని మీద పడకూడని బరువైనా పడుతుండాలి, ఆయిల్ మరీ కాగిపోతుండాలి, లేదా కదలకూడనిది ఏదో కదులుతుండాలి. మీ బండి వివరాలు చూస్తే ఈ మూడూ కలిసి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

అన్నిటికంటే ముందు లీకు నిజంగా ఎక్కడుందో తేల్చాలి. మీరు రెండుసార్లు సీలు మార్చారు సరే, లీకు ఆ సీలుదే అని ఎలా తేల్చారో మీ వివరాల్లో ఎక్కడా లేదు. ఇల్లు కురిసేటప్పుడు నీళ్లు పడే చోటు ఒకటి, కన్నం ఉన్న చోటు ఇంకొకటి అయినట్టే, ఆయిల్ కూడా పైన ఎక్కడో బయటపడి, హోసు వెంట జారి, బాక్సు ఒంటి మీదుగా దిగి, చివరికి పిట్‌మన్ ఆర్మ్ నట్టు దగ్గర బొట్టు కడుతుంది. బండి పరుగులో ఉంటే గాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది. కాబట్టి తడి కనిపించిన చోట్లన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదాన్నే అనుమానించండి.

పంపు, హోసులు, బాక్సు అన్నీ డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు పల్చగా చల్లండి. ఒకరిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా తిప్పమనండి. పౌడరు మీద తడి ముందుగా ఎక్కడ తేలితే లీకు అక్కడే. మరీ నెమ్మదిగా చెమర్చే లీకైతే ఆయిల్‌లో యూవీ డై (యూవీ లైటులో మెరిసే రంగు) కలిపి, కొన్ని రోజులు నడిపి, రాత్రిపూట యూవీ లైటుతో చూడండి. ఫిట్టింగ్ చుట్టూ తడిగా ఉందా, బొట్టు పడుతోందా, చిమ్ముతోందా అన్నది గమనించండి. చిమ్మేది ఎప్పుడూ ప్రెజర్ వైపు నుంచే, అంటే పంపు నుంచి బాక్సుకు వెళ్లే పైపు నుంచే. రిటర్న్ వైపు, అంటే బాక్సు నుంచి ఆయిల్ డబ్బాకు తిరిగొచ్చే పైపు నుంచి వచ్చేది కారుతుందే తప్ప చిమ్మదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇంజిన్ నడుస్తుండగా ప్రెజర్ హోసును చేత్తో తడిమి లీకు వెతకొద్దు. స్టీరింగ్ చివరికంటా తిప్పినప్పుడు ఆ పైపులో 1000 పీఎస్ఐ దాటిన ప్రెజర్ ఉంటుంది. వెంట్రుకంత కన్నం నుంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టు చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు, లోపల మాత్రం కండ పాడవుతూ ఉంటుంది. అలా జరిగితే రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెజర్‌తో ఆయిల్ లోపలికి వెళ్లిందని స్పష్టంగా చెప్పాలి. అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. వెతకడానికి అట్టముక్క వాడండి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడే చోట ఉంటే లీకు తేలేదాకా బండి తీయొద్దు, అది అంటుకునే సరుకు.

లీకు నిజంగానే పిట్‌మన్ ఆర్మ్ పైనున్న సెక్టర్ షాఫ్ట్ (బాక్సులోంచి వచ్చి ఆర్మ్‌ను తిప్పే కడ్డీ) సీలుదే అని తేలిందనుకుందాం. అప్పుడు సీలు కొనడానికి పరుగెత్తకుండా ఒక పని చేయండి. బండి నేల మీదే, బరువు టైర్ల మీదే ఉండాలి. టార్చి తీసుకుని కిందికి దూరి, సెక్టర్ షాఫ్ట్ బాక్సులోంచి బయటికి వచ్చే చోట కన్ను పెట్టండి. పైనున్న మనిషిని ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమనండి. షాఫ్ట్ తన చోట తాను తిరగాలి, అంతే. తిరగడంతో పాటు పక్కకు జరుగుతున్నట్టు కంటికి కనిపిస్తే మీ రహస్యం బయటపడినట్టే. సీలు పెదవి షాఫ్ట్‌ను చుట్టూ సమానంగా పట్టుకుని ఉండాలి. షాఫ్ట్ పక్కకు జరిగితే ఒక వైపు పెదవి నలుగుతుంది, రెండో వైపు సందు పడుతుంది. ఎంత ఖరీదైన సీలు తెచ్చినా ఆ సందును పూడ్చలేదు.

అది ఎందుకు జరుగుతుందంటే, మీ డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ డ్రాగ్ లింకును (ఆర్మ్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీని) బాక్సు నుంచి ఇంకా కిందికి దించింది. 35 అంగుళాల టైరు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు వచ్చే తోపు అంతా ఆ కింది చివర పడుతుంది. షాఫ్ట్‌ను పట్టుకుని ఉన్న బేరింగేమో పైన బాక్సులో ఉంది. ఈ రెండింటి మధ్య దూరం పెరిగినకొద్దీ షాఫ్ట్‌ను వంచే బలం పెరుగుతుంది. బేరింగ్ అరుగుతుంది, దాని వెనకే సీలు పోతుంది. అలాగని డ్రాప్ ఆర్మ్‌ను ఊరికే పీకి పారేయమనడం లేదు. డ్రాగ్ లింకును పాన్‌హార్డ్ రాడ్డుకు (యాక్సిల్ పక్కకు జరగకుండా చాసీకి పట్టే కడ్డీకి) సమాంతరంగా ఉంచడానికే దాన్ని వేస్తారు. అది తీసేస్తే గతుకు ఎక్కినప్పుడల్లా స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. తీయాలంటే డ్రాగ్ లింకును నకిల్ (చక్రాన్ని పట్టుకుని పక్కకు తిప్పే భాగం) పైభాగానికి ఎక్కించి, పాన్‌హార్డ్ బ్రాకెట్‌ను కూడా దానికి తగ్గట్టు మార్చాలి. అది డబ్బుతో, ఓపికతో కూడిన పనే, కానీ పెద్ద టైర్ల బండికి నా ఓటు దానికే. అంత పెట్టుకోలేకపోతే సెక్టర్ షాఫ్ట్ బ్రేస్ వేయించండి. షాఫ్ట్ కింది చివరను ఒక బేరింగ్‌తో పట్టి చాసీకి బిగించే బ్రాకెట్ అది. దాని బోల్టులు వదులుగా ఉంచి, స్టీరింగ్‌ను రెండు చివరలకూ తిప్పి, బ్రేస్ తన చోట తాను కుదురుకున్నాక బిగించాలి. ముందే బిగించేస్తే అదే షాఫ్ట్‌ను పక్కకు లాగి కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది.

సీలు మార్చే పని మీకు తెలిసిందే కాబట్టి, ఎక్కడ తప్పు జరుగుతుందో అది మాత్రం చెబుతాను. పిట్‌మన్ ఆర్మ్‌ను పుల్లర్‌తోనే తీయాలి. సుత్తి దెబ్బ షాఫ్ట్ మీదుగా లోపలి బేరింగులకు వెళ్తుంది. తీసే ముందు ఆర్మ్‌కూ షాఫ్ట్‌కూ కలిపి ఒక గీత గీయండి. సర్‌క్లిప్ (సీలును పట్టి ఉంచే రింగు) తీశాక సీలు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసుకోండి. శాగినా (అమెరికా స్టీరింగ్ బాక్సుల పేరు) తరహా బాక్సుల్లో సింగిల్ లిప్ సీలు ఒకటి, డబుల్ లిప్ సీలు ఒకటి, వాటి వెనక వాషర్లు ఉంటాయి, వరస తారుమారైతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. షాఫ్ట్ మీద సీలు కూర్చునే చోట గోరుతో అడ్డంగా గీరి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టు, అలాంటి షాఫ్ట్ మీద కొత్త సీలు దండగ. తుప్పు మచ్చలున్నా అంతే. కొత్త సీలు ఎక్కించేటప్పుడు స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఉండే పళ్ల) మీద పల్చటి టేపు చుట్టి, ఆయిల్ రాసి, దాని మీదుగా జారించండి. స్ప్లైన్ అంచు సీలు పెదవిని కోసేసిందన్న సంగతి బిగించి నడిపాక గానీ తెలియదు. చాలామంది సీలునే తిడతారు, కోత మాత్రం బిగించిన రోజే పడి ఉంటుంది. పిట్‌మన్ నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించండి, అది అంచనాతో బిగించే నట్టు కాదు.

ఇప్పుడు కదలిక సంగతి. కింద ఉన్నప్పుడే బాక్సు చాసీకి బిగించిన చోటును కూడా చూడండి. స్టీరింగ్ ఆడిస్తుంటే బాక్సే చాసీ మీద కదులుతోందా? బోల్టు కన్నాల చుట్టూ పెయింట్ పగిలి, తుప్పు రంగు పొడి కనిపిస్తోందా? పెద్ద టైర్ల బండ్లలో అక్కడ చాసీకే పగుళ్లు వస్తాయి. వైరు బ్రష్‌తో గీకి, మట్టి లేకుండా చేసి చూస్తేనే అవి కనిపిస్తాయి. బాక్సు కదిలితే ప్రెజర్ పైపు ఫిట్టింగ్ ప్రతి మలుపులోనూ మెలి తిరుగుతుంది. అరిగిన ఇంజిన్ మౌంట్లు కూడా ఇదే పని చేస్తాయి, ఎందుకంటే పంపు ఇంజిన్ మీద, బాక్సు చాసీ మీద ఉంటాయి. ఇంజిన్ ఊగినప్పుడల్లా హోసు లాగబడుతుంది.

లిఫ్ట్ చేశాం కాబట్టి హోసు పొట్టిదైపోయింది అని చాలామంది అనుకుంటారు. సాలిడ్ యాక్సిల్ బండిలో సస్పెన్షన్ లిఫ్ట్‌కూ ఈ హోసు పొడవుకూ సంబంధం లేదు, యాక్సిల్ కిందికి పోయినా పంపు, బాక్సు ఎక్కడివక్కడే ఉంటాయి. బాడీ లిఫ్ట్ అయితే మాత్రం బాడీకి బిగించిన ఆయిల్ డబ్బా పైకి పోయి దాని పైపు సాగుతుంది, స్టీరింగ్ కాలమ్ జాయింటు కోణం మారి బాక్సు పైనున్న ఇన్‌పుట్ సీలు మీద పక్కబరువు పడుతుంది. సబ్‌ఫ్రేమ్‌ను కిందికి దించే లిఫ్ట్ కిట్ ఉన్న ర్యాక్ స్టీరింగ్ (బాక్సు బదులు అడ్డంగా జరిగే పళ్ల కడ్డీ ఉన్న) బండ్లలో హోసులు నిజంగానే సాగుతాయి. ర్యాక్ ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, చివర్లలో ఉన్న రబ్బరు బూటు నొక్కి చూడండి. లోపల ఆయిల్ చేరి ఉంటే ర్యాక్ సీలు పోయినట్టే, బూటు మార్చి చేతులు దులుపుకుంటే లాభం లేదు.

ఫిట్టింగుల దగ్గర జరిగే పొరపాటు ఒకటే, కానీ దాన్ని పట్టుకోవడం కష్టం. మార్పులు చేసిన బండ్లలో పంపు ఒక బండిది, బాక్సు ఇంకో బండిది, హోసు ఎవరో చేసి ఇచ్చింది అయి ఉంటుంది. పాత పంపుల్లో ఇన్వర్టెడ్ ఫ్లేర్ (గరాటులా విప్పిన పైపు చివర), తర్వాతి వాటిలో ఓ రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) ఉన్న మెట్రిక్ ఫిట్టింగ్ వస్తుంది. బయట చేయించే హోసులకు 37 డిగ్రీల ఫ్లేర్ ఉంటుంది, మామూలు బండి ఫ్లేర్ 45 డిగ్రీలు. మర పట్టి బిగుసుకున్నంత మాత్రాన జోడీ కుదిరినట్టు కాదు. కోణాలు కలవని జోడీ ప్రెజర్ పడగానే చెమరుస్తుంది, ఇంకాస్త బిగిస్తే సీటు పగులుతుంది. సరైన అడాప్టర్ ఒక్కటే దీనికి మందు. టెఫ్లాన్ టేపు వద్దు. ఈ ఫిట్టింగులు సీలయ్యేది మర దగ్గర కాదు, ఫ్లేర్ దగ్గరో ఓ రింగ్ దగ్గరో. టేపు చేసేదల్లా ముక్కలుగా తెగి బాక్సు వాల్వులోకి చేరడమే. బాంజో బోల్టు (లోపలి నుంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) ఉంటే రెండు వైపులా ఉండే రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవే వేయాలి. ప్రెజర్ వైపు రబ్బరు పైపు, క్లిప్పు పెట్టి సర్దుబాటు చేయడం ప్రాణంతో చెలగాటం, అక్కడ క్రింప్ చేసిన (చివరలు యంత్రంతో నొక్కి బిగించిన) హోసే ఉండాలి. రిటర్న్ వైపు క్లిప్పు సరిపోతుంది కానీ పైపు మాత్రం పవర్ స్టీరింగ్ ఆయిల్‌కు, ఆ వేడికి తగినదై ఉండాలి.

ఇక వేడి. మీ లీకు రాళ్ల దారి తర్వాతే బయటపడుతోందన్న ఒక్క మాట నాకు దీని మీద ఎక్కువ అనుమానం కలిగిస్తోంది. స్టీరింగ్‌ను చివరికంటా తిప్పి అక్కడే పట్టుకుంటే పంపు తోసే ఆయిల్‌కు పోయే దారి లేక రిలీఫ్ వాల్వు (ప్రెజర్ మితిమీరకుండా వదిలేది) తెరుచుకుంటుంది. ఆ శక్తంతా వేడిగా మారుతుంది. గాలి తగ్గించిన పెద్ద టైర్లతో, నిలబడిన బండిలో, రాయికి ఆనించి తిప్పడమంటే ఇదే పని పదే పదే చేయడం. కాగిన ఆయిల్ సీలు రబ్బరును గట్టిపరుస్తుంది, గట్టిపడిన పెదవి షాఫ్ట్‌ను పట్టుకోలేదు. చివర దాకా తిప్పి 5 సెకన్లకు మించి పట్టుకోకండి. ఇరుక్కుంటే బండిని కొంచెం కదిలిస్తూ తిప్పండి.

దీనికి తోడు మీ విన్చ్ బంపర్. కంపెనీ ఇచ్చిన స్టీరింగ్ కూలర్, చాలా బండ్లలో అది వంచిన లోహపు గొట్టమే, ఇప్పుడు విన్చ్ వెనక గాలి ఆడని చోట పడి ఉండొచ్చు. రిటర్న్ పైపులో ఫిన్నులున్న కూలర్ ఒకటి గాలి తగిలే చోట పెట్టండి, రాళ్ల మీద నెమ్మదిగా పోయే బండికి చిన్న ఫ్యాన్ కూడా మేలు. కూలర్ లోపలి దారి మాత్రం సన్నగా ఉండకూడదు, పైపు ఎక్కడా మడత పడకూడదు. రిటర్న్ దారి ఇరుకైతే వెనక ప్రెజర్ పెరిగి బాక్సు పైనున్న ఇన్‌పుట్ సీలును తోసేస్తుంది. ఒక లీకు ఆపబోయి ఇంకో లీకు తెచ్చుకున్న బండ్లలో కారణం చాలావరకు ఇదే.

నకిల్ దగ్గర ఉండే స్టీరింగ్ స్టాప్ బోల్టులు కూడా చూడండి. చక్రం తిరగడం ఆ బోల్టు దగ్గర ఆగాలి, బాక్సు లోపల కాదు. టర్నింగ్ కాస్త పెరుగుతుందని వాటిని లోపలికి తిప్పేసిన బండ్లున్నాయి. అప్పుడు ప్రతి ఫుల్ లాక్ దెబ్బా బాక్సు లోపలే పడుతుంది.

పంపు మూలుగు సంగతి. మూలుగుతోందంటే చాలావరకు ఆయిల్ తగ్గి ఉంటుంది లేదా గాలి లాగుతుంటుంది. డబ్బా మూత తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపినట్టు, నురగగా ఉందా? ఇంజిన్ ఆపిన వెంటనే మట్టం పైకి లేచి మూత దగ్గర పొర్లుతోందా? అలా అయితే అది లీకు కాదు, పొంగు. సక్షన్ వైపు, అంటే డబ్బాకూ పంపుకూ మధ్య, ఎక్కడో గాలి దూరుతోంది. ఆ వైపు ప్రెజర్ ఉండదు కాబట్టి ఆయిల్ పెద్దగా బయటికి రాదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పాత క్లిప్పు, గట్టిపడిన పైపు, డబ్బాకూ పంపుకూ మధ్య ఉండే ఓ రింగ్, ఈ మూడూ కొత్తవి వేస్తే చాలావరకు తీరిపోతుంది. నిటారు ఎక్కుళ్లలో మూత గాలి రంధ్రం నుంచి ఆయిల్ చిందడం వేరే విషయం, డబ్బాను చల్లగా ఉన్నప్పటి గుర్తు వరకే నింపితే అది తగ్గుతుంది. పంపు మార్చాల్సి వస్తే కొత్త పంపు పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించనివ్వొద్దు. ఆ దెబ్బకు పంపు షాఫ్ట్ సీలు మొదటి రోజే పోతుంది.

ఆయిల్ విషయంలో డబ్బా మూత మీద లేదా మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే. కొన్నిటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్), కొన్నిటికి విడిగా పవర్ స్టీరింగ్ ఆయిల్, కొన్నిటికి సింథటిక్ హైడ్రాలిక్ ఆయిల్. పంపు, బాక్సు వేర్వేరు బండ్లవైతే రెండింటి రబ్బరుకూ సరిపడేది చూసుకోవాలి. తొందరలో బ్రేక్ ఆయిల్ పోశారంటే లోపలి రబ్బరంతా ఉబ్బిపోతుంది, కడిగితే పోయే తప్పు కాదది. లీకు ఆపుతామని సీసాల్లో అమ్మే మందుల గురించి కూడా అడిగారు. అవి గట్టిపడిన సీలును మెత్తబరిచి కొంత ఉబ్బిస్తాయి. పాతబడిన బండిలో కొన్నాళ్లు గడుపుతాయి. అరిగిన షాఫ్ట్‌కు, పక్కకు ఊగే బేరింగ్‌కు, పగిలిన ఫ్లేర్‌కు అవేం చేయలేవు. మీ బండిలో పోయొద్దు.

అడవిలో ఉండగా ప్రెజర్ హోసు పగిలితే ఏం చేయాలన్నది మీరు అడగలేదు కానీ, ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. పంపుకు విడి బెల్టు ఉంటే దాన్ని తీసేసి, బరువుగా తిప్పుకుంటూ నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. ఒకే బెల్టు నీళ్ల పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంటే ఆ దారి లేదు, ఆయిల్ లేకుండా పంపు తిరిగితే అది లోపల అరిగి ఇనుప పొడి బాక్సు దాకా పోతుంది. అలాంటి బండివాళ్లు తయారుచేసిన హోసు ఒకటి, ఆయిల్ ఒక డబ్బా వెంట పెట్టుకోవడమే మేలు.

మీ బండికి నేను పెట్టే వరస ఇదీ. కడిగి, పౌడరు చల్లి లీకు ఖాయం చేసుకోండి. షాఫ్ట్ ఊగుతోందో లేదో, బాక్సు కదులుతోందో లేదో చూడండి. చాసీలో పగులుంటే వెల్డింగ్, ప్లేటు పని ముందు. షాఫ్ట్ ఊగకుండా, గోరుకు గాడి తగలకుండా ఉంటే సీలు, బ్రేస్, కూలర్‌తో సరిపోతుంది, బాక్సు బతుకుతుంది. షాఫ్ట్ ఊగుతుంటే మీ మెకానిక్ చెప్పినట్టు బాక్సు మార్చాల్సిందే, లేదా బేరింగులు, షాఫ్ట్ వేసి రీకండిషన్ చేయించాలి. అప్పుడు కూడా బ్రేస్, కూలర్, స్టాప్ బోల్టులు అదే రోజు అవ్వాలి. పాత ఆయిల్ పూర్తిగా తీసేసి, రిటర్న్ పైపులో మాగ్నెట్ ఉన్న ఫిల్టరు ఒకటి పెట్టండి. లోపల ఇనుప పొడి తిరుగుతుంటే కొత్త సీళ్లను అదే కొరికేస్తుంది.

గాలి తీసేటప్పుడు తొందర వద్దు. ముందు చక్రాలు రెండూ నేలకు తగలకుండా లేపి, స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపి, మూత తీసి ఉంచి, స్టీరింగ్‌ను చివరి నుంచి చివరకు నిదానంగా కనీసం 20 సార్లు తిప్పండి. మధ్యమధ్య ఆయిల్ పోస్తూ ఉండండి, మట్టం కింది గుర్తు దాటి పడిపోతే మళ్లీ గాలి లాగుతుంది. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేశాక నురగ కనిపిస్తే ఆపేసి, ఆయిల్ తేరుకునేదాకా బండిని వదిలేయండి. మొదటిసారి రాళ్ల దారికి వెళ్లి వచ్చాక బాక్సు బోల్టులు, బ్రేస్ బోల్టులు, ఫిట్టింగులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, షాఫ్ట్ దగ్గర ఫోటో ఒకటి పెట్టండి, చూసి చెబుతాను.